మూడేళ్లు వికీబేస్ వాడాక: ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలతో నా అనుభవం

వికీబేస్ (సమాచారాన్ని ఒకదానికొకటి ముడిపెట్టి దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు ముందే నా మాట చెప్పేస్తాను. పెట్టుకోండి. కానీ మొదటి నెల కంప్యూటర్ జోలికి పోకుండా కాగితం, పెన్సిల్ పట్టుకుని, ఏ సమాచారాన్ని ఎలా అమర్చాలో గీసుకుంటూ కూర్చోండి. అలా కూర్చోకపోవడం వల్ల నాకు ఏడాది పని రెండుసార్లు పడింది.

నేను శ్రీకాకుళంలో చరిత్ర పాఠాలు చెబుతాను. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల మీద ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు మొదట ఎక్సెల్‌లో ఉండేది. మూడేళ్ల క్రితం వికీబేస్‌లోకి మార్చాను. వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటా నడిచేది ఈ సాఫ్ట్‌వేర్ మీదే. ఉచితంగా దొరుకుతుంది, మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. ఇందులో ఊరు, రాజు, శాసనం, దాత, ఇలా ప్రతిదీ ఒక ఐటమ్. వాటి వివరాలకు, వాటి మధ్య సంబంధాలకు 'దాత', 'తేదీ' లాంటి ప్రాపర్టీలు ఉంటాయి. ఒక ఐటమ్ గురించి అలా రాసిన ఒక్కో మాట ఒక స్టేట్‌మెంట్. అన్నీ కలిస్తే అదే నాలెడ్జ్ గ్రాఫ్.

ఎక్సెల్ వదిలెయ్యడానికి కారణం కళింగనగరం. తూర్పు గాంగుల ఆ రాజధాని ఎక్కడ? ముఖలింగమే అని గిడుగు రామమూర్తి గారు వాదించారు. కళింగపట్నం అన్నవాళ్లూ ఉన్నారు. ఎక్సెల్ గడిలో ఒక్క జవాబే రాయాలి, రెండోది పక్క గడిలో 'గమనిక' కింద పడి మరుగైపోతుంది. వికీబేస్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఎవరన్నారో, ఏ పేజీలో అన్నారో ప్రతిదాని కిందా ఉంటుంది. నాకు నమ్మకమున్న దానికి పై ర్యాంక్ ఇచ్చాను, రెండోది చెరిపెయ్యలేదు. చరిత్ర చదివిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి!

ఇందులోనే ఒక చిక్కుంది. ఒక స్టేట్‌మెంట్‌కు పై ర్యాంక్ ఇచ్చాక, స్పార్కిల్‌లో (గ్రాఫ్‌ను ప్రశ్నలడిగే భాష) చిన్న దారిన ప్రశ్న వేస్తే అదొక్కటే వస్తుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి "ఏటి మేడం, కళింగపట్నం పోయిందేటి?" అని కంగారుపడింది. పోలేదు. పొడుగు దారిన, అంటే స్టేట్‌మెంట్ ద్వారా అడిగితే రెండూ వస్తాయి. కొత్తగా నేర్పేటప్పుడు నేను ముందు పొడుగు దారే నేర్పుతున్నాను.

జిల్లాల సంగతి మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. దక్షిణ భారత శాసనాల 5వ సంపుటం 1925లో అచ్చయ్యేనాటికి ముఖలింగం, శ్రీకూర్మం రెండూ గంజాం జిల్లావి. పాత పుస్తకాల్లో శ్రీకాకుళం 'చికాకోల్'. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ ఊళ్లు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పార్వతీపురానిది ఇంకా పెద్ద కథ. విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. ప్రతి జిల్లా పేరుకీ 'మొదలు', 'ముగింపు' అని క్వాలిఫయర్లు (స్టేట్‌మెంట్‌కు తగిలించే అదనపు వివరాలు) పెట్టాక, 1925 నాటి గంజాం జిల్లాలో ఏమున్నాయని అడిగినా, ఇవాళ శ్రీకాకుళంలో ఏమున్నాయని అడిగినా జవాబు సరిగ్గా వస్తోంది.

తేదీల దగ్గర మాత్రం వికీబేస్ మన శాసనాలకు చాలదు. దానికి గ్రెగోరియన్, జూలియన్ క్యాలెండర్లే తెలుసు. మనకేమో శక సంవత్సరాలు, గాంగ శకం, రాజుగారి అంక సంవత్సరాలు (కొన్ని అంకెలు వదిలేసి పాలనా ఏళ్లు లెక్కపెట్టే పద్ధతి). శ్రీకూర్మంలో మాధ్వ యతి నరహరి తీర్థుల శాసనం శకం 1203, అంటే సామాన్య శకం 1281. శకమైతే 78 కలుపుకుంటే చాలావరకు కుదురుతుంది, ఏడాది చివరి నెలల్లో 79 కలపాలి. గాంగ శకం మొదలయిన ఏడాది మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు. అంక లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. అంటే 23వ అంకం నిజానికి పాలనలో 19వ ఏడాది. నేను తొందరపడి 'తేదీ' ప్రాపర్టీని మామూలు అక్షరాల రకంగా చేశాను. అక్షరాల రకంగా చేసినదాన్ని తర్వాత తేదీ రకంగా మార్చడం కుదరదు. కొత్త ప్రాపర్టీ చేసి ప్రతి శాసనానికీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు రాతి మీద ఉన్నది ఉన్నట్టు ఒక ప్రాపర్టీలో, మేం లెక్కగట్టిన ఏడాది ఇంకో దాంట్లో ఉంటాయి. దాని కింద ఏ లెక్కన కట్టామో కూడా రాస్తాం. రేపెవరైనా మా లెక్క తప్పంటే రాతి మాట చెక్కుచెదరకుండా ఉంటుంది.

రెండో పెద్ద తప్పు దాతలది. శాసనం ఐటమ్‌కే 'దాత', 'ఇచ్చినది' అని తగిలించాను. ఒకే రాతి మీద ఇద్దరు దాతలుండి, ఒకరు అఖండ దీపానికి మాడలు (ఆనాటి బంగారు నాణేలు), ఇంకొకరు భూమి ఇస్తే, ఎవరు ఏమిచ్చారో కలగాపులగం అయిపోయింది. మ్యూజియంల వాళ్లు వాడే సిడాక్ సీఆర్ఎం అనే నమూనా (ఐఎస్ఓ 21127) ఇక్కడ కళ్లు తెరిపించింది. అందులో ఇరుసు వస్తువు కాదు, జరిగిన సంఘటన. దానాన్నే ఒక ఐటమ్ చేశాం. ఎవరిచ్చారు, ఏ దేవుడికి, ఏమిచ్చారు, ఎప్పుడు, అన్నీ దానికే తగిలించాం. ఆ నమూనా మొత్తం పెట్టుకోవాలని చూడకండి, చాలా పెద్దది. ఆ ఒక్క ఆలోచన తీసుకుంటే చాలు. పేరు కలిసిందని ఇద్దరు దాతల్ని ఒకే ఐటమ్ చెయ్యొద్దు. మేం 'బహుశా ఇతనే' అని ఒక ప్రాపర్టీ పెట్టుకున్నాం.

తెలుగు బాగానే పనిచేస్తుంది. శ్రీకూర్మం, శ్రీకూర్మము, శాలిహుండం, సాలిహుండం, ఇలా ప్రతి రూపమూ మారుపేరుగా చేర్చాలి, లేకపోతే వెతికితే దొరకదు. కాపీ చేసిన పేర్లలో కంటికి కనపడని అక్షరం దాక్కుని ఒకే ఊరికి రెండు ఐటమ్‌లు పుట్టిస్తుంది. ఎక్కించే ముందు ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేర్లు శుభ్రం చేసుకోండి.

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద వికీబేస్ నడపడం నరకం. 16కి మార్చాకే ఊపిరి పీల్చుకున్నాం. ఇన్‌స్టాల్ చేసింది మా తమ్ముడు, అంతా డాకర్ మీద. అది సాఫ్ట్‌వేర్లను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం. ఒకరోజు కంటైనర్లు ఆపే ఆదేశం చివర ఒక్క 'వి' అక్షరం అదనంగా పడి నిల్వలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ ఉన్నా, పదకొండు రోజుల పని పోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి వస్తోంది.

చివరగా ఒక హద్దు. ఈ మధ్య విజయనగరం వైపు తప్పెటగుళ్ల కళాకారుల దగ్గర పాటలు రికార్డు చేస్తున్నాం. ఒక గురువు గారు పాట చెప్పి, "ఇది మా బిడ్డలకే అమ్మా, అందరికీ వద్దు" అన్నారు. వికీబేస్‌లో ఒక్క ఐటమ్‌నో, ఒక్క స్టేట్‌మెంట్‌నో కొందరికి మాత్రమే కనిపించేలా దాచే వీలు లేదు. సైటు తెరిస్తే అంతా తెరిచినట్టే. అందుకే ఆ పాటగానీ, కళాకారుల ఫోన్ నంబర్లుగానీ అందులో పెట్టలేదు. 'పాట ఉంది, గురువు గారి దగ్గర అడగాలి' అన్నంత వరకే గ్రాఫ్‌లో ఉంది. పాట నోటుబుక్ నా బీరువాలో ఉంది, తాళం వేసి.