క్రిటాలో యానిమేషన్ లేయర్ మొత్తాన్ని జరపాలంటే: చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చేత్తో యానిమేషన్ గీసేవాళ్ళకి ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఒక లేయర్ మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో ఒకదాని మీద, ఫ్రేములన్నీ పూర్తయ్యాక, బొమ్మ వేరే చోట ఉండాలని తేలుతుంది. ఈమధ్య నేను మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్ సీన్ ఒకటి చేశాను: వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, లైట్‌హౌస్, ముందు అలల మీద ఊగుతూ ఒక తెప్ప, దాని మీద తెడ్డు వేసే మనిషి. తెప్పా మనిషీ ఒకే లేయర్. అంతా అయ్యాక పని ఇచ్చినాయన ఫోన్ చేసి "కింద టైటిల్ పడాలి కదా తమ్ముడూ, పడవని కొంచెం పైకి, కుడి పక్కకి జరుపు" అన్నారు. అడిగింది న్యాయమే.

కానీ నేను వాడే 5.2 వెర్షన్‌లో మూవ్ టూల్ పట్టుకుని జరిపితే అప్పుడు కనిపిస్తున్న ఫ్రేమ్ ఒక్కటే జరుగుతుంది. ప్లే చేస్తే తెప్ప ఒక్కసారి ఎగిరి మళ్ళీ పాత చోటికే వచ్చి పడుతుంది. పోనీ ఫ్రేములు వరసగా కనిపించే టైమ్‌లైన్‌లో అన్నిటినీ సెలెక్ట్ చేసి లాగుదామా అంటే, అవి ముందో వెనకో ప్లే అవుతాయి తప్ప తెరమీద అంగుళం కూడా కదలవు. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే విసిగిపోయి సాఫ్ట్‌వేర్ మార్చేస్తుంటారు.

దీనికి మందు ట్రాన్స్‌ఫామ్ మాస్క్, అంటే అసలు గీతల్ని ముట్టకుండా లేయర్ కనిపించే చోటు, కోణం, సైజు మార్చే తొడుగు లాంటిది. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి, యాడ్‌లోకి వెళ్ళి ట్రాన్స్‌ఫామ్ మాస్క్ పెట్టండి. లేయర్‌ని కాకుండా ఆ మాస్క్‌నే సెలెక్ట్ చేసుకుని, కంట్రోల్ టి నొక్కి కావలసిన చోటికి జరిపితే ఫ్రేములన్నీ కలిసికట్టుగా జరుగుతాయి. చేత్తో లాగడం కంటే టూల్ ఆప్షన్స్‌లో ఎక్స్, వై అంకెలు వేయడం నాకు నచ్చుతుంది, ఎందుకంటే రేపు మళ్ళీ "ఇంకాస్త కిందికి" అంటే ఎంత జరిపానో కళ్ళముందే ఉంటుంది. అసలు గీతలకి ఏమీ కాదు, మాస్క్ తీసేస్తే బొమ్మ మొదట ఉన్న చోటికే వచ్చేస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే నేను దీన్ని గట్టిగా సమర్థిస్తాను, ఎందుకంటే మన దగ్గర పని ఇచ్చేవాళ్ళు చివరి రోజు దాకా మార్పులు చెబుతూనే ఉంటారు, అది వాళ్ళ హక్కు కూడా.

నురుగు, నీడ వేరే లేయర్లలో ఉంటే అన్నిటినీ ఒక గ్రూప్‌లో పెట్టి మాస్క్ గ్రూప్‌కే వేయాలి. లేకపోతే తెప్ప పైకి పోయి నురుగు కింద మిగిలిపోతుంది, చూడటానికి ఘోరంగా ఉంటుంది.

2021 డిసెంబర్‌లో వచ్చిన 5.0 నుంచి ఈ మాస్క్‌కి కీఫ్రేములు (ఏ క్షణానికి ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి, యానిమేషన్ కర్వ్స్ అనే గ్రాఫులో కదలికను దిద్దుకోవచ్చు. నా పద్ధతి ఏంటంటే, లేయర్ మీద మాస్క్ కేవలం స్థానం సరిచేయడానికి, దానికి కీఫ్రేములు పెట్టను. తెప్ప హార్బర్ వైపు వచ్చే ప్రయాణమంతా గ్రూప్ మాస్క్‌లో ఉంటుంది. అప్పుడు చోటు మార్చమన్నా ప్రయాణం చెడదు, వేగం మార్చమన్నా చోటు చెడదు. రెండూ ఒకే మాస్క్‌లో కలిపేస్తే ప్రతి కీఫ్రేమ్‌నీ విడివిడిగా దిద్దుకోవాలి, అది చాలా టెన్షన్ పని.

ఇబ్బందులు లేవని కాదు. మాస్క్ ఉన్న లేయర్ మీద మళ్ళీ గీయాలంటే పెన్ను ఒకచోట, గీత ఇంకోచోట పడుతుంది, కళ్ళద్దాలు మారిపోయినట్టు ఉంటుంది. అలాంటప్పుడు మాస్క్ పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కి దాన్ని ఆపి, గీసుకుని, మళ్ళీ ఆన్ చేయండి. రెండోది, బరువు. కాన్వాస్ పెద్దదై, మాస్కులు పెరిగేకొద్దీ ప్లేబ్యాక్ తయారవడానికి సమయం పడుతుంది. మే నెల ఉక్కలో నా ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. కేవలం జరిపితే గీతలు బాగానే ఉంటాయి గానీ, మాస్క్‌తో తిప్పినా పెద్దది చేసినా అంచులు కొంచెం మెత్తబడతాయి, సన్నని ఇంకు గీతల్లో అది తెలుస్తుంది.

2016లో 3.0తో యానిమేషన్ వచ్చినప్పటితో పోలిస్తే క్రిటా ఎంతో ముందుకు వచ్చింది, ఉచితంగా ఇంత దొరకడం మామూలు విషయం కాదు. అయినా ఇంత మామూలు పనికి దారి మాస్కుల వెనక దాగి ఉండటం నాకు బాధగానే ఉంది. "ఫ్రేములన్నీ జరుపు" అని మూవ్ టూల్ పక్కనే ఒక టిక్ బాక్స్ ఉంటే కొత్త పిల్లలు ఎంతమంది నిలబడతారో. ఓపెన్‌టూంజ్ అనే ఇంకో యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో యానిమేట్ టూల్‌తో కాలమ్ (అక్కడ లేయర్ లాంటిది) మొత్తాన్ని నేరుగా జరపొచ్చు, అందుకే కెమెరా, లేయర్లు ఎడతెగకుండా కదిలే షాట్లు నేను అక్కడ చేస్తాను. బ్రష్ పని ఎక్కువగా ఉండే చిన్న షాట్లు మాత్రం క్రిటాలోనే, లేయర్ మొదలుపెట్టిన రోజే దానికో గ్రూప్ పెట్టుకుని.