గ్యారేజీ లేని రెండు కయాక్‌లతో ఐదు రాత్రులు

మా కయాక్‌లు, అంటే తెడ్డు వేసి నడిపే సన్నటి పొడవాటి పడవలు, రెండూ లిఫ్టులో పట్టవు. చిన్నది ప్లాస్టిక్‌ది, పొడవు 3 మీటర్లు. పెద్దది ఫైబర్‌గ్లాస్‌ది, 5.1 మీటర్లు. మేముండేది మూడో అంతస్తు. కొనేటప్పుడు నీళ్ల మీద ఎలా పోతాయో చూసుకున్నాం గానీ, ఇంటికొచ్చాక ఎక్కడ పడుకుంటాయో ఆలోచించలేదు. వారానికి రెండు గంటలు నీళ్ల మీద గడిపినా, మిగతా 166 గంటలు అవి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా!

చిన్నదాన్ని సెల్లార్‌లో ఒక స్తంభానికి నిలువుగా ఆనించి వదిలేశాం. వేసవి అయ్యేసరికి బరువంతా మోసిన తోక వైపు అడుగు లోపలికి నొక్కుకుపోయి చిన్న గిన్నెలా తయారైంది. ఈ రకం పాలిథిలిన్ ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, ఒకేచోట బరువు పడితే అక్కడ వంగిపోతుంది. పెద్దదేమో స్నేహితుల ఇంటి పక్క సందులో ఉండేది. వాళ్లు ఇల్లు మారడంతో ఆ చోటూ పోయింది. "ఎలాగూ రెండూ కారెక్కాయి, అలా ఓ ఐదు రోజులు తిరిగొద్దాం" అన్నారు మావారు. తిరిగొచ్చాక ఎక్కడ పెడతామండీ అని అడిగితే, దారిలో ఆలోచిద్దామన్నారు.

మొదటి రాత్రి చెరువు పక్కనున్న ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. కాంపౌండ్ లోపల చెట్టు కింద కయాక్‌లు పెట్టుకోమన్నారు. వాన వస్తుందేమోనని వాళ్లే టార్పాలిన్ తెచ్చి, తాళ్లతో బిగించి కట్టారు కూడా. మంచి మనసుతో చేసిన పనే, కానీ కయాక్‌లకు మాత్రం పడలేదు. పొద్దున్నే టార్పాలిన్ తీస్తే లోపలంతా తడి. వాన చుక్క పడలేదు, నేల తేమే పైకి లేచి బయటికి పోయే దారిలేక పడవలకు పట్టుకుంది. సీటు కింద చీమలు కాపురం పెట్టాయి. టార్పాలిన్ పడవకు అంటుకోకూడదని, పైన ఒక తాడు లాగి దాని మీద ఇంటి కప్పులా రెండువైపులా వాలేట్టు వేయాలని అప్పుడే తెలిసింది. అలా వేస్తే నీళ్లు నిలవవు, కింద గాలి ఆడుతుంది. నీడ కావాలని చెట్టు కిందే పెట్టుకుంటే జిగురు, రెట్టలు, ఎండుకొమ్మలు పడటం మామూలే. కూర్చునే చోటికి బిగుతుగా మూత వేసి ఉంచితే ఎలుకలు, చీమల బాధ చాలావరకు తగ్గుతుంది. బసకైతే మళ్లీ వెళ్తాను. కయాక్‌లు ఉంటే మాత్రం ఒక్క రాత్రికి మించి ఉండను.

రెండు, మూడు రాత్రులు పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న బోటింగ్ క్లబ్ గదుల్లో. ఈ ప్రయాణంలో కయాక్‌లు హాయిగా నిద్రపోయిన చోటు ఇదే. పైకప్పు ఉన్న షెడ్డు, మూడు వరుసల రాక్‌లు. రాత్రికింత అనీ, సీజన్‌కింత అనీ అద్దె. ఒక్కో రాక్‌కు రెండు చేతులు, వాటి మధ్య ఊయలలా కట్టిన వెడల్పాటి పట్టీలు. సన్నటి తాడైతే ఆ ఒక్క గీత మీదే బరువంతా పడుతుంది, పట్టీ అయితే పంచుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ పడవను దాని లోపలి అడ్డగోడలు ఉన్నచోట పట్టీ పడేట్టు పెట్టమని అక్కడి కుర్రాడు సర్ది చూపించాడు. అక్కడే అది గట్టిగా ఉంటుందట. ముందూ వెనకా ఉండే చేతిపట్టీలతో వేలాడదీయడం తప్పన్నాడు. అవి మోసుకెళ్లడానికే. నెలల తరబడి వాటితో వేలాడిస్తే నడుం జారి పడవ అరటిపండులా వంగుతుంది.

ఆ రాక్‌లు చూస్తుంటే ఆర్కిటిక్ ప్రాంతపు వేటగాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల కయాక్‌లకు సీల్ తోలు కప్పి ఉండేది. కుక్కలు ఆ తోలు కొరికి తినకుండా రాళ్ల దిమ్మెల మీదో, ఎత్తైన కొయ్య మంచెల మీదో పెట్టేవాళ్లు. గ్యారేజీ బాధ మనతో మొదలైంది కాదన్నమాట.

క్లబ్‌లో లోపాలు లేకపోలేదు. మాకు దొరికినవి పై వరుసలో. 25 కిలోల పడవను తల కంటే ఎత్తుకు లేపడం ఇద్దరం ఉన్నాం కాబట్టి కుదిరింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు అద్దె మాట్లాడుకునేటప్పుడే నడుము ఎత్తు వరుస అడగడం మంచిది. అసలు చిరాకు గేటు దగ్గర. తీసేది ఎనిమిదింటికి. సరస్సు అద్దంలా ఉండేది తెల్లవారుజామున. ఎనిమిదిన్నరకు నీళ్లలోకి దిగేసరికి గాలి లేచింది. రెండు రోజులూ అదే తంతు. షెడ్డుకు పదికి తొమ్మిది మార్కులు, గేటుకు మూడు.

అక్కడే ఇంకో మంచి జరిగింది. గిన్నెలా నొక్కుకుపోయిన చోటు చూసి ఆ కుర్రాడే, చిన్న పడవను బోర్లించి కాసేపు ఎండలో ఉంచమన్నాడు. మధ్యాహ్నానికి లోపలి నుంచి చేత్తో నొక్కితే సొట్ట ముప్పాతిక వంతు పైకొచ్చింది. వంచిన వేడే సరిచేసింది. అలాగని రోజూ ఎండలో పడేస్తే మొదటికే మోసం. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. రంగు వెలిసిందంటే లోపల కూడా పాడవుతున్నట్టే.

నాలుగో రాత్రి గురించి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరి మధ్యలో పెద్ద హోటల్. కారు మీద రెండు పడవలున్నాయని బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో చెప్పాను. ఫర్వాలేదు, పార్కింగ్ ఉందన్నారు. తీరా వెళ్తే పార్కింగ్ నేల కింద. ముఖద్వారంలో "ఎత్తు 2.1 మీటర్లు" అని బోర్డు. పడవలతో కలిపి మా కారు 2.3. మావారు ఆ బోర్డు చూసి బ్రేకు వేశారు కాబట్టి సరిపోయింది. చివరికి రోడ్డు వైపున్న ఖాళీ స్థలంలో పెట్టుకోమన్నారు. కాపలా మా బాధ్యత కాదని ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. చిన్నదానికి నీళ్లు కారిపోవడానికి అడుగు దాకా రంధ్రాలుంటాయి కాబట్టి వాటిలోంచి స్టీలు కేబుల్ దూర్చి తాళం వేశాం. పెద్దదానికి అలాంటివి లేవు. డెక్ (పడవ పైభాగం) మీదున్న తాళ్లకు తాళం వేస్తే లాభం లేదు, ఒక చాకు చాలు. ముందు కొసకొక ఉచ్చు, వెనక కొసకొక ఉచ్చు వేసి, రెండింటినీ మధ్యలో కేబుల్‌తో కలిపి కారు రాక్‌కు బిగించాం. అయినా టెన్షన్‌తో రాత్రి మూడుసార్లు కిటికీలోంచి చూశాను. పరుపు మెత్తగా ఉందో గట్టిగా ఉందో కూడా గుర్తులేదు.

ఐదో రాత్రి హోమ్‌స్టే. రెండే గదులు, ఇంటాయన ఒకప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఉంటూ కయాకింగ్ చేసినవాడు. వరండా గోడకు రెండు ఇనుప కోణాలు (పడవను మోసే బ్రాకెట్లు), వాటికి చుట్టిన ఫోమ్. పడవను పక్కకు తిప్పి, అంచు మీద నిలబెట్టాడు. అడుగు కన్నా, డెక్ కన్నా ఆ అంచే గట్టిదట. కోణాలు రెండు కొసల నుంచీ నాలుగో వంతు లోపలికి ఉండాలన్నాడు. అంటే 3 మీటర్ల పడవకు మధ్యలో మీటరున్నర ఎడం. పడవ వెడల్పు గోడ పొడవునా పైకి పోతుంది కాబట్టి వరండాలోకి చొచ్చుకొచ్చేది జానెడున్నరే. రాత్రి హ్యాచ్ (సామాను పెట్టే అర) మూతలు కొంచెం వదులు చేసి వెళ్లాడు. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తే మూత ఉబ్బుతుంది, చల్లబడితే లోపలికి పీల్చుకుంటుంది. రోజూ అలా జరిగితే రబ్బరు సాగి, నీళ్లు దిగుతాయి.

ఆయన అల్మరాలో మడత కయాక్ ఒకటి ఉంది. కొయ్య చట్రం, గుడ్డ ఒళ్లు, అంతా సంచుల్లో. ఈ మడత రకం కొత్త తమాషా అనుకునేదాన్ని. జర్మనీలో క్లెపర్ కంపెనీ వీటిని 1907 నుంచే తయారుచేసి అమ్మిందట. 1956లో హాన్నెస్ లిండెమన్ అనే జర్మన్ డాక్టరు అలాంటి దానిలోనే ఒంటరిగా 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. తన మడత కయాక్ బిగించడానికి హోమ్‌స్టే ఆయనకు అరగంట పడుతుందట. తిరిగొచ్చాక పూర్తిగా ఆరబెట్టకపోతే బూజు. గాలి నింపే రకానికీ ఇదే చిక్కు, తడి మీద మడిస్తే కంపు కొడుతుంది. చోటు అల్మరాలో మిగిలినా, ఆరబెట్టడానికి మళ్లీ బాల్కనీ కావాల్సిందే.

ఇంటికి రాగానే అద్దె గోదాము గదులు కూడా చూశాం. ఒక గది పొడవు 3 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు 2.4. నేల మీద మూల నుంచి మూలకు 3.35, కింది మూల నుంచి ఎదురుగా పై మూలకు 4.1 మీటర్లు. పెద్దదాన్ని ఎలా తిప్పినా తలుపు పడదు. చిన్నది పడుతుంది గానీ, గోదాముకు పోయి, తాళం తీసి, కారెక్కించి చెరువుకు చేరేసరికి సగం పూట పోతుంది. అంత దూరంలో పెడితే మేం వెళ్లం, నాకు తెలుసు.

అందుకే చిన్నది బాల్కనీ గోడకెక్కింది. రెయిలింగ్‌కు కాదు, కాంక్రీటు గోడకు గట్టి బోల్టులు, ఫోమ్ చుట్టిన కోణాలు, గాలికి కదలకుండా ఒక పట్టీ, ఎండ తగలకుండా ఒక తెర. అపార్ట్‌మెంట్ వాళ్ల అనుమతి ముందే అడిగాం. తెడ్డు (పాడిల్) రెండు ముక్కలుగా ఊడుతుంది, మంచం కిందికి పోయింది. మూడంతస్తులు మెట్ల మీద మోయడం కష్టమే, కానీ తలుపు నుంచి కారు దాకా పది నిమిషాలు. ఆదివారం తెల్లవారుజామున చెరువు మీద ఉంటున్నాం.

పెద్దది ఆ క్లబ్‌లోనే సీజన్ అద్దెకు ఉంది. దొరికింది కింది వరుస, వాన పడితే బురద చిందుతుంది. నడుము ఎత్తు వరుసకు పేరు రాయించాం. నెలకొకసారి వెళ్తే గొప్ప. మొన్న రాత్రి చప్పుడైతే లేచి చూశాను. మావారు టేపుతో పడకగది మూల నుంచి మూలకు కొలుస్తున్నారు. 4.7 వచ్చింది.

"కిటికీ తీసి ఉంచితే సరిపోతుంది కదా?" అన్నారు.