జాగ్రత్త: ‘సంపూర్ణ నవల’ అని చెప్పి సగం ప్రేమకథ అమ్ముతున్నారు

ఓరుగల్లు ముట్టడి కాలంలో ఇద్దరు మాంత్రిక సైనికుల ప్రేమకథ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో కొంతకాలంగా ప్రచారం అవుతున్న ఒక తెలుగు ఫాంటసీ నవలను కొనదలచిన వారు, ముఖ్యంగా మన హనుమకొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పాఠకులు, డబ్బు కట్టే ముందు ఈ విషయం తెలుసుకోవాలని రాస్తున్నాను. ప్రకటనలో ‘సంపూర్ణ నవల’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంటికి వచ్చే పుస్తకంలో మాత్రం కథ సగమే ఉంటుంది. తరువాయి చదవాలంటే ఒక యాప్‌లో అధ్యాయానికి ఇంత చొప్పున మళ్లీ చెల్లించాలి. ఈ సంగతి ప్రకటనలో గాని, అట్ట మీద గాని, ముద్రణ వివరాల పేజీలో గాని ఎక్కడా లేదు.

రచన విషయంలో నాకు పెద్ద పేచీ లేదు. కథానాయిక మట్టికోట మీద కావలి కాసే సైనికురాలు; ఆమె అరచేయి ఆనించిన చోట మట్టి రాయిలా బిగుసుకుంటుంది. కథానాయకుడు రాతికోట బురుజు మీది విలుకాడు. అతడు పిలిస్తే అగడ్తలో నీరు పైకి లేస్తుంది. అతడి విద్య పారితే ఆమె గోడ నానిపోతుంది, ఆమె విద్య పారితే అతడి అగడ్తకు చేరే ఊటలు మూసుకుపోతాయి. అందుకే సేనాని ఇద్దరినీ వేర్వేరు గోడల మీద నిలిపి, ఒకరి దరికి ఒకరు రాకూడదని కట్టడి చేస్తాడు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ చేసిన ముట్టడిని వర్ణించిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో సైతం గట్టిదనాన్ని మెచ్చుకున్న ఆ మట్టిగోడకూ, లోపలి రాతిగోడకూ నడుమ ఉన్న ఎడాన్ని ప్రేమకు అడ్డుగా మలచడం, ఖిలా వరంగల్‌లో ఆ రెండు గోడలనూ చూస్తూ పెరిగిన వారికి తప్పకుండా నచ్చుతుంది. కాకతీయుల నాటి సైనికుడు గటకలో పచ్చిమిరపకాయ నంజుకోవడం చదివినప్పుడు మాత్రం నవ్వు వచ్చింది. మిరప మన దేశానికి పోర్చుగీసు వారితో గాని రాలేదని మిరప అమ్మకాలకు పేరుపడ్డ ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊరి పాఠకులకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అంత మాత్రానికి నేను పుస్తకాన్ని వెనక్కి పంపేవాడిని కాను.

స్లో బర్న్ అని పిలిచే, నెమ్మదిగా రాజుకునే ఈ తరహా ప్రేమకథలో పాఠకుడు ఓపికను పెట్టుబడిగా పెడతాడు. ఈ పుస్తకంలో వందకు పైగా పేజీల పాటు వారిద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోరు. ఒకచోట ఆమె తన వేలిముద్రలు పడిన మట్టిపెళ్లను నీళ్లు మోసే కుర్రవాడి చేత అతడికి పంపుతుంది. అతడు దాన్ని అగడ్త నీటిలో వేసి, తెల్లవారే దాకా కరగకుండా ఉండడం చూసి, తీసి మొలకట్టులో దాచుకుంటాడు. అంతకు మించి ఏమీ జరగదు. అయినా విసుగు పుట్టలేదు, ఎందుకంటే ఇదంతా ఒక కలయిక వైపు నడుస్తోందన్న నమ్మకంతోనే చదివాను.

ఆ నమ్మకాన్నే ఈ ప్రచురణకర్తలు సొమ్ము చేసుకుంటున్నారు. ఢిల్లీ సేనలను నడిపిన ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమై దేవగిరి వైపు వెనుదిరుగుతాడు, కోటలో సంబరాలు మొదలవుతాయి, కట్టడి సడలుతుంది, ఆమె మట్టికోట మెట్లు దిగుతుంది. పేజీ తిప్పితే నల్లని చట్రంలో ఒక క్యూఆర్ కోడ్, దాని కింద ‘తరువాయి మా యాప్‌లో’ అన్న వాక్యం కనిపిస్తాయి. ఆ ఖాన్ కొద్ది నెలల్లోనే కొత్త బలగంతో తిరిగి వచ్చాడని, 1323లో కోట పడిపోయిందని, ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళ్తూ దారిలోనే మరణించాడని మనకు తెలుసు. రెండు ముట్టడుల నడుమ దొరికిన ఆ కొద్దిపాటి శాంతి ఒక్కటే ఈ జంటకు మిగిలిన కాలం. సరిగ్గా దాని గడప మీద పుస్తకాన్ని తెంచడం యాదృచ్ఛికమని నేను అనుకోను. భాగాలుగా వచ్చే నవలలు నేనూ కొంటాను. వాటి మీద ‘మొదటి భాగం’ అని ఉంటుంది. పైగా యాప్ తెరిచి చూస్తే అక్కడ కూడా ‘రచన కొనసాగుతోంది’ అనే ఉంది, అంటే సంపూర్ణమని అమ్మిన నవలను ఇంకా పూర్తిగా రాయనే లేదు.

అమ్మకందారుకు రాస్తే, ఫాంటసీ నవలలు ఇలాగే ఉంటాయని, ప్యాకెట్ తెరిచారు గనుక డబ్బు వాపసు కుదరదని జవాబు వచ్చింది. రెండవ మాట చట్టం ముందు నిలవదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనడానికి వీలులేదు. ఇదే మాట ఎత్తి చూపుతూ మళ్లీ రాసిన తరువాత నాకు జవాబు రాలేదు గనుక, 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపు ఉన్న ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇప్పటికే కొన్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్‌ను, యూపీఐ చెల్లింపు రసీదును, చివరి పేజీ ఫొటోను భద్రపరచుకోండి. ప్రకటన ఏ రోజైనా మాయం కావచ్చు. కొనాలనుకునే వారు ‘కథ ఈ పుస్తకంలోనే ముగుస్తుందా’ అని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు పంపండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. నా రెండవ లేఖ చేరిన తరువాత వారు ధర తగ్గించారు గాని, ప్రకటనలో ‘సంపూర్ణ నవల’ అన్న మాటను ఈ రోజుకీ తీయలేదు.