విశేషణాల వర్క్‌బుక్ (నాలుగు, ఐదు తరగతులు): పుస్తకం కొనండి, జవాబుల పేజీలు దాచేయండి

ఖాళీ పూరించే ప్రశ్నలంటే చాలామంది తల్లిదండ్రులకు చిన్నచూపు. నాలుగు మాటలు ఇస్తారు, ఒకటి ఎంచుకుని రాస్తే మార్కు వస్తుంది, అందులో నేర్చుకునేది ఏముంది అంటారు. ఈ వర్క్‌బుక్ చూశాక ఆ మాట అనలేరు. అలాగని ఐదు స్టార్లు కూడా ఇవ్వలేను. మూడున్నర ఇస్తున్నాను, ఎందుకో చెబుతాను.

నేను ఖమ్మంలో ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను. తెలంగాణలో పదో తరగతి దాకా అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అంటూ 2018లో చట్టం వచ్చిన తర్వాత, సీబీఎస్‌ఈ పిల్లలు తెలుగు కోసం నా దగ్గరికి రావడం పెరిగింది. వాళ్ళలో ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్ళున్నారు. మధిర వైపు వాళ్ళున్నారు, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళున్నారు. ఒక్క ఖాళీకి ముగ్గురు పిల్లలు మూడు మాటలు చెబుతారు, మూడూ సరైనవే అవుతాయి. ఈ పుస్తకంతో నా పేచీ మొత్తం అక్కడే ఉంది.

ముందు పైపై సంగతులు. 96 పేజీలు, 120 రూపాయలు. అక్షరాలు పెద్దవి. కాగితం మందంగా ఉంది, రాసి చెరిపి మళ్ళీ రాసినా చిరగదు. పార్సిల్ చెప్పిన రోజుకే వచ్చింది. లోపల అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. మిగతా పాఠాలకు ఇబ్బంది లేదు కానీ, రంగుల పాఠం కూడా నలుపు తెలుపులోనే వేశారు! బూడిద రంగులో ఒక మందార పువ్వు, దాని కింద "బొమ్మ చూసి సరైన రంగు రాయండి: —— మందారం". మా పిల్లాడొకడు నిజాయితీగా "బూడిద" అని రాశాడు. నేను మార్కు ఇచ్చాను.

మొదటి ఇరవై పేజీలు పెద్దగా పనికిరావు. "—— పువ్వు", "—— ఇల్లు", "—— పాట" లాంటి ఖాళీలు. పిల్లలు అన్నిటికీ "అందమైన" అనో "మంచి" అనో రాసి పేజీ తిప్పేస్తారు. తప్పని కొట్టేయలేం, మెచ్చుకోనూ లేం. ఈ పేజీలు చేయించాలనుకుంటే ఒక చిన్న నియమం పెట్టండి: ఆ రెండు మాటలూ వాడకూడదు. అప్పుడు ఇంటికి "పెంకుటిల్లు" అని ఒకరు, "ఇరుకు ఇల్లు" అని ఒకరు, "మా తాతయ్య కట్టిన ఇల్లు" అని ఒకరు రాస్తారు. ఆ మూడోది చూసి ఇది కూడా విశేషణమేనా టీచర్ అని అడుగుతారు. ఇంటిని గురించే చెబుతోంది కదా! అసలు పాఠం అక్కడ మొదలవుతుంది, పుస్తకం మాత్రం ఆ సంగతిని చివరి పాఠం దాకా ఎత్తదు.

రుచుల పాఠం బాగుంది, దాని జవాబులు బాగాలేవు. "—— మామిడికాయ" అనే ఖాళీకి పుల్లని, వగరు, చేదు, చప్పని అని నాలుగు ఇచ్చి, "పుల్లని" ఒక్కటే సరైనదన్నారు. ఉగాది పచ్చడి చేసే ఇంట్లో పిల్లల్ని అడగండి. అందులో పులుపు కోసం వేసేది చింతపండు. వగరు కోసమే మామిడికాయ ముక్కలు వేస్తారు. ఆవకాయ పెట్టేటప్పుడు అదే మామిడికి పుల్లగా ఉండడమే గొప్ప. పిందెగా ఉన్నప్పుడు వగరు, కాయ ముదిరితే పులుపు. వాక్యంలో ఆ ఒక్క ముక్క చేర్చి "ఆవకాయకు —— మామిడికాయలు కావాలి" అని అడిగి ఉంటే సందేహమే ఉండేది కాదు. ఉసిరికాయ ప్రశ్నకీ ఇదే గొడవ, అక్కడ తిరగేసి "వగరు" ఒక్కటే సరైనదట. ఉసిరి కొరికిన పిల్ల మొహం ఎప్పుడూ చూడని మనిషెవరో రాసి ఉంటారు.

అదే పాఠంలో "—— పెరుగు" అనే ఖాళీ మాత్రం నాకు భలే నచ్చింది. తీయని, కమ్మని, పుల్లని, చప్పని అని ఇచ్చి, "పెరుగు పులియలేదు, బాగుంది" అని ముందు ఒక వాక్యం పెట్టారు. క్లాసులో సగం మంది "తీయని" అన్నారు. షాపులో కప్పుల్లో దొరికే తీపి పెరుగు తిని పెరిగిన పిల్లలు మరి. మధిరలో అమ్మమ్మ దగ్గర సెలవులు గడిపే పిల్ల ఒకతె "కమ్మటి పెరుగు అంటారు టీచర్, మా అమ్మమ్మ అట్లనే అంటది" అంది. చక్కెర వేయకుండా పెరుగు ఎట్లా తీయగా ఉంటుంది అని తనే మిగతావాళ్ళను నిలదీసింది. ఆ తర్వాత కమ్మటి నెయ్యి, కమ్మటి వాసన, కమ్మని పాట అంటూ వాళ్ళే జాబితా పెంచారు. పాట దగ్గరికి వచ్చేసరికి "కమ్మటి" కాస్తా "కమ్మని" ఎందుకయిందో పుస్తకం చెప్పదు. చల్లటి నీళ్ళు, చల్లని తల్లి కూడా అంతే. నీళ్ళను "చల్లని" అన్నా సరిపోతుంది, తల్లిని మాత్రం "చల్లటి" అంటే ఏదోలా ఉంటుంది. నాలుగో తరగతికి ఇది ఎక్కువే అనుకోండి, కానీ చెవికి తెలిసిన తేడాను ఒక్క పెట్టెలోనైనా వేసి ఉండొచ్చు.

ఇక సంఖ్యల పాఠం. ఇది రాసినవాళ్ళకు పిల్లలు ఎక్కడ తడబడతారో బాగా తెలుసు. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. వస్తువులూ జంతువులూ అయితే రెండు, మూడు, నాలుగు. "రెండు అన్నలు", "ఇద్దరు ఆవులు" లాంటివి సరిచేయించడం అయ్యాక ఒక ఖాళీ ఇలా ఉంది: "మా పిల్లి —— పిల్లలను పెట్టింది." పిల్లలు అన్న మాట చూడగానే క్లాసంతా "ముగ్గురు" అని అరిచింది. పిల్లి పిల్లలు కాబట్టి మూడు! ఇలాంటి ఖాళీ రాయాలంటే భాష మీద ప్రేమ ఉండాలి, కాస్త కొంటెతనం కూడా ఉండాలి. ఏడుగురు దాటాక ఎనిమిది మంది, తొమ్మిది మంది అనడం వాడుక అని చెప్పి, పక్కనే ఎనమండుగురు, తొమ్మండుగురు అనే పాత రూపాలు కూడా ఇచ్చారు. పిల్లలు రెండు రోజులు ఆ మాటలతోనే ఆడుకున్నారు.

ఈ పుస్తకానికి పెట్టిన డబ్బు వసూలయ్యేది మాత్రం ఆరో పాఠంలో. ఏ నామవాచకం పక్కన ఏ విశేషణం అలవాటుగా వస్తుందో జత చేయాలి. కటిక చీకటి, పండు వెన్నెల, నిండు గర్భిణి, కుండపోత వాన, మొద్దు నిద్ర, ఎర్రటి ఎండ. ఇక్కడ అర్థం తెలిస్తే చాలదు. చీకటి బాగా ఎక్కువగా ఉందంటే "కటిక" అంటాం, వెన్నెల ఎక్కువైతే "కటిక" అనం. ఎందుకు అనం అంటే జవాబు లేదు, అట్లా అనరంతే. కటిక చీకటి, కటిక దరిద్రం, కటిక ఉపవాసం అని వరసగా చదివితే ఆ మాట ఎటువైపు మొగ్గుతుందో పిల్లలకే తెలిసిపోతుంది. ముసలివాళ్ళకూ వెన్నెలకూ ఒకటే "పండు" ఎట్లా సరిపోయిందని ఒక పాప అడిగింది. బాగా పండటం గురించి మాట్లాడుకుంటూ ఆ రోజు మిగతా పేజీలు చేయనే లేదు.

"—— అబద్ధం" అనే ఖాళీకి తెల్ల, నల్ల, పచ్చి, లేత అని ఇచ్చారు. ఇంగ్లిష్ బాగా చదివే పిల్లలు తడుముకోకుండా "తెల్ల అబద్ధం" రాశారు. వాళ్ళకు తెలిసిన ఇంగ్లిష్ మాటను అట్లాగే తెచ్చి ఇక్కడ పెట్టారన్నమాట. ఆ ఇంగ్లిష్ మాటకు అర్థం ఎవరికీ హాని లేని చిన్న అబద్ధం. మన పచ్చి అబద్ధం అందుకు పూర్తిగా ఎదురు. పచ్చి పాలు, పచ్చి మిరపకాయ, పచ్చి బాలింత, పచ్చి పుండు, పచ్చి మోసం. ఉడకనిదీ, మాననిదీ, ఏ కప్పూ లేనిదీ అన్నీ "పచ్చి"లోకి వస్తాయి. ఈ ఖాళీ పెట్టిన మనిషి పిల్లలు ఎక్కడ పడతారో తెలిసే గొయ్యి తవ్వారు. శభాష్ అనాలి.

ఎర్రటి ఎండ దగ్గర మాత్రం నాకు పని లేకుండా పోయింది. ఎండ ఎర్రగా ఎక్కడుంటుంది, పసుపుగా కదా ఉంటుంది అని ఒకడు మొదలుపెట్టాడు. వేసవిలో మధ్యాహ్నం కొత్తగూడెం బస్టాండులో దిగి చూడరా అని పక్కవాడు జవాబు చెప్పేశాడు.

ఇప్పుడు అసలు తగాదా. "—— బియ్యంతో అన్నం లావుగా వస్తుంది" అనే ఖాళీకి జవాబుల పేజీలో "ముతక" అని మాత్రమే ఉంది. వరంగల్ వైపు పిల్లలు "దొడ్డు" అని రాశారు. వాళ్ళ ఇళ్ళలో, కిరాణా షాపుల్లో, రేషన్ షాపుల్లో వినిపించే మాట అదే. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ కింద సన్నబియ్యం పథకం మొదలైనప్పుడు ఇళ్ళలో మాట్లాడుకున్నదంతా దొడ్డు బియ్యం, సన్న బియ్యం గురించే. ఆ పిల్లలు జవాబుల పేజీ చూసుకుని తమ మాటను చెరిపేసి "ముతక" అని దిద్దుకున్నారు. నేను మళ్ళీ "దొడ్డు" రాయించాను. రెండు రాష్ట్రాల్లోనూ అమ్మే పుస్తకంలో జవాబు పక్కన ఒక గీత గీసి "ముతక / దొడ్డు / లావు" అని వేయడానికి ఎంత సిరా కావాలి? ఇలాంటివి పుస్తకం మొత్తంలో చాలానే ఉన్నాయి, అన్నిట్లోనూ కోస్తా మాటే గెలుస్తుంది. నేను తగ్గించిన ఒకటిన్నర స్టార్‌లో ఒక స్టార్ దీనికే.

మిగతా సగం ఒక పెద్ద లోటుకు. హిందీ ఇళ్ళ పిల్లలకు మన విశేషణం మొదట చాలా సుఖంగా అనిపిస్తుంది. హిందీలో అచ్ఛా లడ్‌కా, అచ్ఛీ లడ్‌కీ అని మారుతుంది. మనకు మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మాట మారదు. పుస్తకం ఇంతవరకు చక్కగా చెప్పింది. కానీ అదే మాట వాక్యం చివరికి వెళితే మారుతుంది: రాము మంచివాడు, సీత మంచిది, వాళ్ళు మంచివాళ్ళు, నువ్వు మంచివాడివి, నేను మంచివాడిని. పిల్లలు నిజంగా తప్పులు రాసేది ఇక్కడే. "సీత మంచి ఉంది" అని రాసిన కాపీలు నా దగ్గర బోలెడు. దీని మీద ఒక్క పేజీ లేదు. "ఎర్రని పువ్వు", "పువ్వు ఎర్రగా ఉంది" తేడా మీద మాత్రం తొమ్మిది పేజీల అభ్యాసం ఇచ్చారు. అందులో సగం చాలు.

చివరి పాఠం క్రియల నుంచి వచ్చే విశేషణాలది. "—— రైలు కోసం అందరూ ఎదురు చూస్తున్నారు." వచ్చే, వచ్చిన, రాని, పోయిన. జవాబు "వచ్చే" అని ఉంది. మా పిల్లలు "రాని" కూడా సరైనదే అని పట్టుబట్టారు. ఖమ్మం స్టేషన్‌లో విజయవాడ వైపు బండి కోసం నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళే అందరూ. నేనూ వాళ్ళతోనే ఓటేశాను. ఈ పాఠాన్ని ముందుకు తెచ్చి మొదటి ఇరవై పేజీల స్థానంలో పెట్టి ఉంటే పుస్తకం స్థాయే వేరుగా ఉండేది.

ఎవరు కొనొచ్చంటే, పక్కన కూర్చుని చేయించే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే నిశ్చింతగా కొనండి. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి వారాంతాల్లో పిల్లలకు తెలుగు చెప్పుకునేవాళ్ళకు ఆరో పాఠం ఒక్కటైనా బాగా పనికొస్తుంది, వీడియో కాల్‌లో తాతయ్యనో నానమ్మనో కూర్చోబెడితే ఇంకా మంచిది. పిల్లాడికి ఇచ్చేసి తనే చేసుకుంటాడులే అనుకునేవాళ్ళు మాత్రం వద్దు, వాడు వెనక పేజీలు చూసి దించేస్తాడు. జవాబులు చివరి ఎనిమిది పేజీల్లో, పిన్నులకు దగ్గరగా ఉన్నాయి. స్కేలు పెట్టి లాగితే శుభ్రంగా వస్తాయి, మిగతా పేజీలు ఊడవు. రంగుల పాఠానికి ముందు ఒక క్రేయాన్ల డబ్బా తెచ్చి పెట్టుకోండి.