పట్టుబడిన యురేనియం: గామా కొలతా, మాస్ స్పెక్ట్రోమీటరా?

పట్టుబడిన యురేనియం ఎక్కడిదో తేల్చేటప్పుడు ముందు వాడేది గామా స్పెక్ట్రోమీటర్, అంటే పదార్థం వదిలే గామా కిరణాల శక్తిని కొలిచే పరికరం. నమూనాను ముట్టుకోకుండానే, యురేనియం-235 (యురేనియంలోని ఒక ఐసోటోపు, అంటే బరువులో తేడా ఉన్న ఒక రకం పరమాణువు) వదిలే 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల కిరణాలను బట్టి శుద్ధి స్థాయి, అంటే మొత్తం యురేనియంలో ఈ 235 రకం ఎంత శాతమో, చెప్పేస్తుంది. ప్రకృతిలో ఆ రకం 0.72 శాతమే, అంతకు బాగా మించితే ఎవరో శుద్ధి చేశారన్నమాట. చెక్‌పోస్టులో ఇంతకన్నా అక్కర్లేదు.

పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పని నిదానం. నమూనాను ఆమ్లంలో కరిగించాలి, యురేనియాన్ని వేరుచేయాలి, ల్యాబ్‌లో రవ్వంత మురికి ఉన్నా లెక్క తప్పుతుంది. అయినా నా ఓటు దీనికే, కారణం యురేనియం-236 అనే మరో ఐసోటోపు. ప్రకృతిలో దాదాపు ఉండదు కాబట్టి, అది కనిపిస్తే రియాక్టర్‌లో వాడిన యురేనియం ఎక్కడో కలిసినట్టే. గామా కొలతకు ఇది చిక్కడం కష్టం. ఇక యురేనియం-234 పాళ్లు ఖనిజాన్ని బట్టి కాస్త మారతాయి. ఆ ఒక్కదాన్ని పట్టుకుని గని పేరు చెప్పేస్తే మాత్రం నమ్మను.