కొరియర్ ప్యానెల్లో వెయిట్ డిస్‌ప్యూట్: చాలాకాలం వాడాక తేలినవి

నాలుగైదు కొరియర్లను ఒకే ప్యానెల్లో చూపించే అగ్రిగేటర్ల దగ్గర రేటు చూసి మురిసిపోతాం గానీ, అసలు లెక్క పార్శిల్ వెళ్లిన కొద్దిరోజులకు తేలుతుంది. మనం 4 కిలోలని వేసిన పెట్టె హబ్‌లో, అంటే కొరియర్ పార్శిళ్లను వేరుచేసే కేంద్రంలో, 8 కిలోలు పడిందని, తేడా మనం ముందే డబ్బు వేసి ఉంచిన వాలెట్‌లోంచి కోసేశామని ప్యానెల్లో కనిపిస్తుంది. పక్కనే రెండు బటన్లు: ఒప్పుకోవడానికి ఒకటి, డిస్‌ప్యూట్ వెయ్యడానికి, అంటే ఆ బరువు తప్పని అభ్యంతరం చెప్పడానికి ఇంకొకటి. ఈ సమీక్ష ఆ రెండో బటన్ గురించే. పచ్చళ్లు, పొడులు, వడియాలు, కొండపల్లి బొమ్మలు పంపే పనిలో దీన్ని వాడినంతలో చెప్పగలిగింది ఇది: హబ్‌లో జరిగిన కొలత పొరపాటును పట్టి చూపిస్తే డబ్బు తిరిగొస్తుంది. పెట్టె నిజంగానే ఉబ్బి ఉంటే ఎన్ని ఫోటోలు పెట్టినా రాదు. మన కేసు ఏ కోవలోదో బటన్ నొక్కకముందే లెక్కవేసి తెలుసుకోవచ్చు. చాలామంది ఆ లెక్క వెయ్యరు, కోపంలో నొక్కేస్తారు.

కొరియర్ రెండు బరువులు చూస్తుంది. ఒకటి కాటా మీద పడే డెడ్ వెయిట్. రెండోది వాల్యూమెట్రిక్ వెయిట్, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ, అది కూడా పై అరకిలో స్లాబుకు (రేటు మెట్టుకు) పెంచి. అందుకే కిలో సరుకు 5 లీటర్లకు మించి చోటు తీసుకుంటే కాటా బరువు లెక్కలోకే రాదు. ఆవకాయ సీసాలకు ఈ బాధ లేదు. గుమ్మడి వడియాలు, అప్పడాలు, బొమ్మలు, పూలసజ్జల్లాంటివి పంపేవాళ్లకే చిక్కు. ఇంకో సంగతి, భాగించే అంకె అన్నిటికీ 5000 కాదు. కొన్ని సర్వీసులకు 4500, 4000 కూడా ఉంటాయి. రేటు కార్డు కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది చూడకుండా డిస్‌ప్యూట్ వేస్తే మన కొలతలు ఒప్పుకుని కూడా ఛార్జీ తగ్గించరు.

అదనపు ఛార్జీల్లో ఎక్కువ భాగం అట్టపెట్టె దగ్గరే పుడతాయి. పెట్టెలు అమ్మేవాళ్లు సాధారణంగా లోపలి కొలత, అదీ అంగుళాల్లో చెబుతారు. కొరియర్ కొలిచేది బయటి కొలత, సెంటీమీటర్లలో. 12×10×8 అంగుళాల 5 ప్లై (ఐదు పొరల అట్ట) పెట్టెనే తీసుకోండి. లోపలి కొలత 30.5×25.4×20.3 సెంటీమీటర్లు, లెక్కకు 3.15 కిలోలు, అంటే 3.5 స్లాబు. ఇప్పుడు అట్ట మందం కలపండి. 5 ప్లై అయితే గోడకు సుమారు 6 మిల్లీమీటర్లు. పొడవుకీ వెడల్పుకీ రెండేసి గోడలు. ఎత్తుకు మాత్రం పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు ఒకదానిమీద ఒకటి మడుస్తాం కాబట్టి నాలుగు మందాలు. కొలతలు పైకి సరిచేస్తే 32×27×23, అంటే 3.97 కిలోలు, 4 స్లాబు. గాలి నింపిన పౌచ్‌లు లోపలినుంచి తన్ని పైరెక్క ఒక్క సెంటీమీటరు లేచిందా, 32×27×24, 4.15 కిలోలు, 4.5 స్లాబు. ఎవరి మోసమూ లేకుండానే 3.5 కాస్తా 4.5 అయింది. ఇలాంటి కేసులో డిస్‌ప్యూట్ వెయ్యడం దండగ. మనం డిక్లేర్ చేసిన కొలతే తప్పు.

అంగుళాల కొలతను అలాగే సెంటీమీటర్ల గడిలో కొట్టేస్తే మరీ దారుణం. 12×10×8 అని కొడితే ప్యానెల్ వాల్యూమెట్రిక్ బరువును 0.19 కిలోలుగా చూసి, కాటా బరువుకే రేటు చూపిస్తుంది. తర్వాత వచ్చే కోత చూసి గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఆ కోత న్యాయమైనదే.

ఇక హబ్ వైపు తప్పులు. పెద్ద హబ్బుల్లో పార్శిల్ బెల్టు మీద పోతుంటే మెషినే కొలిచి, తూచి, బార్‌కోడ్ చదివి, ఫోటో తీసేస్తుంది. పార్శిల్ మొత్తం పట్టే అతిచిన్న నలుపలకల పెట్టె ఎంతో అది చూస్తుంది. వేలాడే టేపు కొస, సగం ఊడిన లేబుల్ పౌచ్, వదులుగా ఉన్న ప్లాస్టిక్ పట్టీ, అన్నీ కొలతలో కలిసిపోతాయి. రెండు పెట్టెలు ఆనుకుని వెళ్లినా, ఒకదానిమీద ఒకటి ఎక్కినా ఒకటే అనుకుంటుంది. మెషిన్ లేని చిన్న హబ్‌లో మనిషి టేపుతో కొలిచి టైపు చేస్తాడు. అక్కడ 23 బదులు 32 పడటం, వేరే పార్శిల్ కొలత మన ఏడబ్ల్యూబీ నంబరుకు (లేబుల్ మీది ట్రాకింగ్ నంబరుకు) ఎక్కడం జరుగుతుంటాయి.

ఏ తప్పు జరిగిందో కనిపెట్టే పద్ధతి చిన్నదే, ఈ ఆప్షన్‌తో డబ్బు వెనక్కి రప్పించేది మాత్రం ఇదే. ఛార్జ్ చేసిన బరువును 5000తో (మన సర్వీసు అంకె వేరైతే దానితో) గుణించండి. వచ్చినదాన్ని మన పెట్టె అసలు పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించండి. పైన చెప్పిన 32×27×23 పెట్టెకు 8 కిలోలు వేశారనుకుందాం. 8×5000 అంటే 40,000. దాన్ని 32×27తో, అంటే 864తో భాగిస్తే 46.3. మన ఎత్తు 23, దానికి రెట్టింపు 46. స్లాబుకు పెంచారు కాబట్టి ఆ కాస్త తేడా సహజమే. అంటే ఒకే సైజు పెట్టెలు రెండు ఒకదానిమీద ఒకటి ఎక్కో, పక్కపక్కన ఆనుకునో మెషిన్ కిందినుంచి పోయి ఉంటాయి. ఆరోజు అదే సైజు పెట్టెలు ఒకటికి మించి పికప్ ఇచ్చి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఎత్తుకు బదులు పొడవు తీసినా రెట్టింపే వస్తుంది కాబట్టి ఆ రెండింట్లో ఏది జరిగిందో ఈ లెక్క చెప్పదు. ఏ కొలతకూ పొంతన కుదరకపోతే వేరేవాళ్ల పార్శిల్ కొలత ఎక్కిందని అనుమానించాలి. తేడా ఒక్క స్లాబే ఉంటే, నూటికి తొంభై పాళ్లు ఉబ్బే కారణం, వదిలేయడం మేలు.

సాక్ష్యం విషయానికి వస్తే, ఫోటోలు పికప్‌కు ముందే తీసి ఉండాలి. పార్శిల్ వెళ్లిపోయాక ఇంకో ఖాళీ పెట్టె కొలిచి పెడితే, లేబుల్ లేదని తిప్పికొడతారు. లేబుల్ అతికించాక ఐదు ఫోటోలు కావాలి: లేబుల్ మీద నంబరు చదవగలిగేలా మొత్తం పెట్టె, టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు విడివిడిగా, చివరగా కాటా మీద పెట్టె, అంకెలు కనిపించేలా. కొలత ఫోటోల్లో టేపు సున్నా చివర కూడా కనిపించాలి. అంచు దగ్గర అంకెకు ఫోన్ ఎదురుగా పట్టాలి. పక్కనుంచి తీస్తే 32 కాస్తా 33లా కనిపిస్తుంది, అదే మనకు ఎదురు తిరుగుతుంది. ప్రతి ఫోటోలోనూ లేబుల్ మూలైనా పడాలి, లేకపోతే అదే పెట్టె అనడానికి ఆధారం ఉండదు. ప్యాకింగ్ కుర్రాడు తీసిన ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోయి టేపు అంకెలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి. ఫోటోలను ఏడబ్ల్యూబీ నంబరు పేరుతోనే సేవ్ చేస్తే తర్వాత వెతుకులాట తప్పుతుంది.

రాతలో కథ వద్దు. డిక్లేర్ చేసిన కొలత, అసలు కొలత, వాళ్లు వేసిన బరువు, దాన్నుంచి తిరగేసి తీసిన ఎత్తు, రెండు పెట్టెలు కలిసి స్కాన్ అయి ఉంటాయన్న మాట, హబ్ ఫోటో ఇవ్వమన్న అడుగు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. అన్యాయం, దోపిడీ అని రాసినవాటికి అచ్చు వేసిన జవాబే వస్తుంది. హబ్ ఫోటో అడగడం మాత్రం మానకండి. అది వస్తే సగం కేసులు అక్కడే తెగిపోతాయి. ఫోటోలో పెట్టె మనదేనా అని గుర్తుపట్టడానికి రంగు టేపో, పేరు అచ్చు వేసిన టేపో వాడటం మంచి ఉపాయం. గోధుమరంగు టేపు వేసిన పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

ఈ సదుపాయంలో నచ్చనిది గడువు. చాలా ప్యానెళ్లలో తేడా చూపించిన రోజునుంచి 7 రోజులు ఇస్తారు. కొన్నిచోట్ల ఆదివారాలు, పండగలు అందులోవే. గడువు దాటితే మనం ఒప్పుకున్నట్టే లెక్క, మళ్లీ తెరవరు. సంక్రాంతి, దసరా ముందు ఆర్డర్లు ముంచెత్తినప్పుడే తేడాలూ ఎక్కువ వస్తాయి, చూసే తీరిక అప్పుడే ఉండదు. వారానికి రెండుసార్లు ప్యానెల్ చూసే మనిషి ఒకరుండాలి. రెండో లోపం, మొదటిసారి తిరస్కరిస్తే రెండో అవకాశం దొరకడం కష్టం. అందుకే మొదటి అప్‌లోడే పూర్తిగా ఉండాలి. మూడోది, పాతిక పార్శిళ్లను ఒకేసారి ఒప్పుకునే బటన్ పెడతారు గానీ, పాతికకూ ఒకేసారి డిస్‌ప్యూట్ వేసే వీలు అన్నిచోట్లా ఉండదు. ఎవరి సౌకర్యం చూసి పెట్టారో చెప్పక్కర్లేదు.

మంచి సంగతీ ఉంది. ఒకే సరుకు, ఒకే పెట్టెలో పదేపదే పంపేవాళ్లు వెయిట్ ఫ్రీజ్ ఉంటే తప్పక వాడాలి. పెట్టె కొలతలు, బరువు, ఫోటోలు ముందే ఇస్తే పరిశీలించి ఆమోదిస్తారు. ఆ తర్వాత ఆ సరుకుకు తేడా చూపించడం బాగా తగ్గుతుంది. డిస్‌ప్యూట్ కన్నా ఇదే ఎక్కువ డబ్బు కాపాడుతుంది. అయితే పెట్టెల వ్యాపారి ఈసారి 3 ప్లై బదులు 5 ప్లై ఇచ్చినా, ఒక ఆర్డరులో రెండు ప్యాకెట్లు కలిపినా ఫ్రీజ్ వర్తించదు.

పొడవాటి వస్తువులకు మాత్రం ఇంకో ఛార్జీ విడిగా పడుతుంది, ఓవర్‌సైజ్ హ్యాండ్లింగ్. ఇది వాల్యూమెట్రిక్ తేడా కాదు. ఒక పక్క ఇంత పొడవు దాటితే ఇంత అని పడే మొత్తం. బొబ్బిలి వీణకు 130×40×40 పెట్టె చేయించారనుకోండి, వాల్యూమెట్రిక్ బరువే 41.6 కిలోలు, దానిపైన ఇదొకటి. ప్యానెల్లో రెండూ ఒకే వరుసలో కలిపి చూపిస్తే ముందు విడగొట్టి అడగాలి. ఓవర్‌సైజ్ మీద డిస్‌ప్యూట్‌కు ఆ ఒక్క పొడవు ఫోటో చాలు. ఘనపరిమాణం లెక్క అక్కడ పనికిరాదు.

అమెరికాలో ఉన్న పిల్లలకు హైదరాబాద్ నుంచి పచ్చళ్లు, చేగోడీలు పంపేవాళ్లకూ ఇదే సూత్రం. పెద్ద అంతర్జాతీయ కొరియర్లు వాడేదీ 5000 లెక్కే. కౌంటరులో కాటా బరువు ఒక్కటే చూసి డబ్బు కట్టొస్తే, తర్వాత ఫోన్ చేసి ఇంకో రెండు వేలు అడుగుతారు. పెట్టె మూసి టేపు వేశాకే మూడు కొలతలూ, బరువూ రసీదు మీద రాయించుకోవాలి. రాయనంటే ఆ కౌంటరు వద్దు. ఇంటి అవసరానికి పంపేవాళ్లు వినియోగదారులే కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారులకు అంత సులువు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 వాణిజ్య అవసరాన్ని మినహాయించింది, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే చేసే పనికి మాత్రం చోటిచ్చింది. ఇంట్లోనుంచి ఒక్కరే పొడులు అమ్ముకునేవాళ్లు ఆ దారిన వెళ్లొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. ఒక్క పార్శిల్ కోసం ఎవరూ అంతదూరం పోరు గానీ, వాలెట్ కోతలన్నీ కలిపితే పెద్ద మొత్తమే అయినప్పుడు ఆలోచించొచ్చు.

డిస్‌ప్యూట్ నెగ్గాక చూడాల్సినవి రెండు. పార్శిల్ తిరిగొచ్చి ఉంటే, తిరుగు ఛార్జీ కూడా అదే తప్పుడు బరువుకు వేసి ఉంటారు. వెళ్లేటప్పటి తేడా ఇచ్చి, వచ్చేటప్పటిది మర్చిపోవడం మామూలే, దానికి విడిగా టికెట్ వెయ్యాలి. రెండోది జీఎస్టీ. స్లాబుకు ₹40 అయితే 18 శాతంతో కోసింది ₹47.20. తిరిగి ₹40 మాత్రమే వాలెట్‌లో పడితే అడగాలి. ఇన్‌వాయిస్ అప్పటికే వచ్చి ఉంటే, ఆ మొత్తం తగ్గించామని చెప్పే క్రెడిట్ నోట్ కూడా ఇవ్వాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు అది జీఎస్టీఆర్-2బీలో (జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోళ్ల పన్ను పట్టికలో) కనిపించిందో లేదో చూసి, తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కట్టిన పన్నుకు పొందిన మినహాయింపును, ఆ మేరకు తగ్గించుకోవాలి.