పైథాన్ వచ్చినవాడికి మొదటి వెబ్ పేజీ: జావాస్క్రిప్టా, పైస్క్రిప్టా?

కాలేజీలో ఒక సెమిస్టర్ పైథాన్ చదివినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండు సంఖ్యలు తీసుకుని, బటన్ నొక్కగానే మొత్తం చూపించే చిన్న పేజీ కావాలి. దానికోసం మళ్లీ జావాస్క్రిప్ట్ నేర్చుకోవాలా, వచ్చిన పైథాన్‌తోనే కానిచ్చేయకూడదా? పైథాన్ కోడ్‌ని బ్రౌజర్‌లోనే నడిపించే పైస్క్రిప్ట్ 2022లో వచ్చాక అదీ కుదురుతుంది. అయినా నా ఓటు జావాస్క్రిప్ట్‌కే.

ముందు బరువు సంగతి. జావాస్క్రిప్ట్ 1995 నుంచీ బ్రౌజర్లలో ఉంది. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి, హెచ్‌టీఎంఎల్ ఫైలుగా సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే చాలు, నెట్ లేకపోయినా నడుస్తుంది. బ్రౌజర్‌కి పైథాన్ రాదు. అందుకని పైస్క్రిప్ట్ మామూలుగా పయోడైడ్‌ని, అంటే బ్రౌజర్ నడపగలిగే వెబ్అసెంబ్లీ రూపంలోకి మార్చిన పైథాన్‌ని, ముందు దించుకుంటుంది. అది కొన్ని ఎంబీలు. రెండు సంఖ్యలు కూడటానికి! దాని బదులు పైథాన్‌కి చిన్న రూపమైన మైక్రోపైథాన్ పెట్టుకుంటే బరువు బాగా తగ్గుతుంది గానీ పాండాస్ (డేటా లెక్కల లైబ్రరీ) లాంటివి దొరకవు.

అసలు చిక్కు వేరే ఉంది. క్లాసులో అలవాటైన ఇన్‌పుట్ ఫంక్షన్ పేజీలో నేరుగా పనిచేయదు. పెట్టెలో టైప్ చేసింది తీసుకోవాలన్నా, జవాబు చూపించాలన్నా పేజీలోని ఎలిమెంట్‌ని, అంటే ఆ పెట్టె, బటన్ లాంటి భాగాన్ని, దానికి పెట్టిన ఐడీతో పట్టుకోవాల్సిందే. పైథాన్‌లో రాసినా ఆ పని తప్పదు. అంటే కొత్తగా నేర్చుకోవాల్సింది పేజీ నడిచే తీరు, భాష కాదు. అది నేర్చుకునేటప్పుడు మధ్యలో ఇంకో పొర ఎందుకు?

జావాస్క్రిప్ట్‌లో గుంటలు లేవని కాదు. స్క్రిప్ట్ ట్యాగ్‌ని పైన హెడ్‌లో పెడితే అది నడిచేసరికి బటన్ ఇంకా పుట్టి ఉండదు. వెతికితే నల్ (null), అంటే ఏమీ దొరకలేదని, వస్తుంది. బాడీ ముగిసే ముందు పెడితే ఆ గొడవ ఉండదు. రెండోది మరీ మాయదారిది. పెట్టెలోంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. 5, 3 ఇచ్చి కూడితే 53 వస్తుంది, తీసేస్తే మాత్రం బుద్ధిగా 2 వస్తుంది. తీసివేత సరిగ్గానే ఉంది కదా అని కుర్రాళ్లు తప్పుని ఇంకెక్కడో వెతుకుతారు. నంబర్ ఫంక్షన్‌తో మార్చుకోవాలని తట్టేసరికి సాయంత్రం అయిపోతుంది. ఇక్కడ పైథాన్ నిజాయితీగలది: స్ట్రింగుల్ని తీసేయమంటే టైప్ ఎర్రర్ అని ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ ఎర్రర్ వచ్చినా పేజీ మీద ఏమీ చెప్పదు, ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్‌లో చూడాలి. ఈ అలవాటు మొదటిరోజే చేసుకోండి.

మరి పైస్క్రిప్ట్ ఎవరికి? పాండాస్‌తో లెక్కలు, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫులు ఇప్పటికే రాసిపెట్టుకుని, సర్వర్ లేకుండా నలుగురికీ చూపించాలనుకునేవాళ్లకి. పైథాన్ పాఠం పేజీలోనే చదివేవాళ్ల చేత కోడ్ నడిపించాలనుకునే మాస్టార్లకి కూడా. వాళ్లు ఆ కోడంతా జావాస్క్రిప్ట్‌లో తిరగరాయడం దండగ పని.